బోనీ టైలర్ ఆల్బమ్‌లు ఒకటి ఆకాశంలో, ఒకటి పాతాళంలో ఎందుకున్నాయి?

మీరు అడిగినవి రెండు. ‘టోటల్ ఎక్లిప్స్ ఆఫ్ ది హార్ట్’ లాంటి పాట పాడిన బోనీ టైలర్ మిగతా ఆల్బమ్‌లు ఎందుకు ఆడలేదు, ఆపరేషన్‌తో గొంతు పాడవడమే దానికి కారణమా అన్నది మొదటిది. ఇప్పుడు ఆమెను వరసగా వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది రెండోది. పాట నేర్పడం నా వృత్తి, పాత ఎల్పీలు పోగుచేయడం నాకున్న పిచ్చి. ఈ గాయని గురించి రెండు వైపుల నుంచీ ఆలోచించాను కాబట్టి జవాబు కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆమె గొంతు కారణం కానే కాదు. 1977 తర్వాత ఆ గొంతు పెద్దగా మారలేదు. మారుతూ వచ్చింది ఆమెకు పాటలు ఇచ్చినవాళ్లు, వాటిని రికార్డు చేసినవాళ్లు, అమ్మిన కంపెనీలు. ఇంకో సంగతి, ‘ఆడలేదు’ అని మనం అనేది బ్రిటన్, అమెరికా చార్టులు మాత్రమే చూసి. నార్వేలోనో ఆస్ట్రియాలోనో కూర్చుని చూసేవాళ్లకు ఆమె కథ వేరేగా కనిపిస్తుంది.

ఆమె అసలు పేరు గేనర్ హాప్కిన్స్. 1951 జూన్ 8న బ్రిటన్‌లోని సౌత్ వేల్స్‌లో నీత్ పట్టణం పక్కనున్న స్క్యూయెన్‌లో పుట్టింది. తండ్రి బొగ్గుగని కార్మికుడు. కిరాణా కొట్లో పనిచేసే రోజుల్లో, 1969లో ఒక పాటల పోటీలో పాడి రెండో స్థానంలో నిలిచింది. ఆ ఊపుతో స్వాన్సీ చుట్టుపక్కల క్లబ్బుల్లో పాడటం మొదలుపెట్టింది. 1975లో స్వాన్సీలోని టౌన్స్‌మన్ క్లబ్బులో కొత్త గాయకుల కోసం వెతికే రోజర్ బెల్ అనే ఆయన ఆమె పాట విన్నాడు. అలా ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది. మొదటి సింగిల్ (ఒక్క పాట కోసం వేసే రికార్డు) ఎవరికీ పట్టలేదు. రెండోది ‘లాస్ట్ ఇన్ ఫ్రాన్స్’ 1976లో బ్రిటన్ చార్టులో 9వ స్థానం దాకా వెళ్లింది. ఆ పాట ఇప్పుడు వింటే మీరు ఆశ్చర్యపోతారు. గొంతులో కాస్త బొంగురు ఉంది గానీ, మనకు తెలిసిన ఆ జీర ఇంకా లేదు. హాయిగా, శుభ్రంగా పాడుకుంటూ పోయే ఒక పాప్ గాయని వినిపిస్తుంది.

ఆపైన వచ్చింది అసలు మలుపు. ఆమె స్వరతంత్రుల మీద నాడ్యూల్స్ లేచాయి. ఇవేమిటో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది. పాడేటప్పుడు రెండు తంత్రులూ సెకనుకు కొన్ని వందల సార్లు ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. గట్టిగా, విశ్రాంతి లేకుండా, ఏళ్ల తరబడి పాడితే అవి ఎక్కువగా ఒత్తుకునే చోట పైపొర గట్టిపడుతుంది, పలుగూ పారా పట్టేవాళ్ల అరచేతిలో కాయ కాచినట్టు. అప్పుడు తంత్రులు పూర్తిగా మూసుకోవు. మధ్యలోంచి గాలి తప్పించుకుంటుంది, కంపనం ఎగుడుదిగుడు అవుతుంది. మన చెవికి అది బొంగురుగా వినిపిస్తుంది. 1977లో ఆమెకు ఆపరేషన్ చేసి, ఆరు వారాలు నోరు విప్పొద్దన్నారు. ఆ గడువు తీరకముందే ఒకరోజు విసుగొచ్చి గట్టిగా అరిచేసింది. గాయం మానాల్సినట్టు మానలేదు. జీర అలాగే నిలిచిపోయింది.

ఇక తన పాట అయిపోయిందనే ఆమె అనుకుంది. ఆ తర్వాత వచ్చిన పాట ‘ఇట్స్ ఎ హార్టేక్’.

ఈ పాటను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి. వెనక వాద్యాలు తక్కువ. అకౌస్టిక్ గిటార్ మీద మెల్లగా నడుస్తుంది. గొంతుకు దాక్కునే చోటు లేదు. ప్రతి వాక్యం మొదట్లో ఆమె నాదాన్ని కొంచెం ఆలస్యంగా అందుకుంటుంది. ముందు గాలి, ఆ వెంటనే గరుకు, ఆ తర్వాతే స్వరం. పై స్థాయికి పోయినప్పుడు జీర చిరిగినట్టు అవుతుంది గానీ శ్రుతి మాత్రం చెక్కుచెదరదు. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు నేను పదేపదే చెప్పేది ఇదే. జీర ఉన్న గొంతులు చాలా ఉంటాయి, జీరలోనూ శ్రుతి నిలిపే గొంతులు చాలా తక్కువ. (ఆ ధ్వని కోసం గొంతు నొక్కి పాడేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆమె కావాలని తెచ్చుకున్నది కాదు అది. వారాల తరబడి బొంగురు తగ్గకపోతే పాట ఆపి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లండి.)

ఆ పాట బ్రిటన్‌లో 4, అమెరికాలో 3, కెనడాలోనూ ఆస్ట్రేలియాలోనూ మొదటి స్థానం. అమెరికాలో కంట్రీ చార్టులో కూడా మొదటి పదిలోకి వచ్చింది. ఇక్కడే ఆమె అమ్మకాల్లోని మొదటి వింత కనిపిస్తుంది. ఈ పాట ఉన్న ‘నేచురల్ ఫోర్స్’ (1978) ఆల్బమ్ అమెరికాలో పాట పేరుతోనే విడుదలై, 16వ స్థానానికి చేరి, అమ్మకాలకు గుర్తింపుగా ఇచ్చే గోల్డ్ సర్టిఫికేట్ తెచ్చుకుంది. సొంత దేశమైన బ్రిటన్‌లోనేమో ఆల్బమ్ చార్టులోకే రాలేదు. 1983 దాకా బ్రిటన్ ఆల్బమ్ చార్టులో ఆమె పేరే లేదు. జనం పాటను కొన్నారు, గాయనిని కొనలేదు. ఒక పాట నచ్చి సింగిల్ కొనడం వేరు, ఈమె ఏం పాడినా వింటాను అని ఆల్బమ్ కొనడం వేరు. ఈ రెండో రకం అభిమానులను సంపాదించడానికి ఆర్‌సీఏ చేసిన ప్రయత్నం నాకు ఎక్కడా కనిపించదు.

అప్పట్లో ఆమెకు పాటలు రాసినవాళ్లు, వెనకుండి నడిపించినవాళ్లు రోనీ స్కాట్, స్టీవ్ వుల్ఫ్. ‘హార్టేక్’ వాళ్లదే, దానికి ఎప్పటికీ గౌరవం ఇవ్వాలి. కానీ తర్వాత వచ్చిన ‘డైమండ్ కట్’ (1979), ‘గుడ్‌బై టు ది ఐలాండ్’ (1981) రెండూ అదే బాటలో, అదే కంట్రీ పాప్ మెత్తదనంతో సాగాయి. వినడానికి చెడ్డవేం కావు. గరుకు గొంతుకు నున్నటి పాటలు ఇస్తే ఒకటీ అరా బాగుంటాయి, పది వరసగా వింటే గొంతుకూ పాటకూ పొసగడం లేదని తెలిసిపోతుంది. 1979లో టోక్యోలో జరిగిన ప్రపంచ పాటల పోటీలో ఆమె మొదటి బహుమతి గెలుచుకుంది. అది కూడా అమ్మకాలకు ఊతం ఇవ్వలేదు. ఆమెకు రాక్ పాడాలనుంది, కంపెనీకి మరో ‘హార్టేక్’ కావాలి. ఒప్పందం ముగియగానే బయటికి వచ్చేసింది.

సీబీఎస్ అనే ఇంకో రికార్డు కంపెనీలో చేరాక ఆమె అడిగిన కోరికే ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం. మీట్ లోఫ్ అనే రాక్ గాయకుడు ‘బ్యాట్ అవుట్ ఆఫ్ హెల్’ పాడటం టీవీలో చూసి, ఆ పాటలు రాసిన జిమ్ స్టైన్‌మన్‌తో పనిచేస్తానంది. కంపెనీలో ఆమె వ్యవహారాలు చూస్తున్న మఫ్ విన్‌వుడ్‌కు అది జరిగే పనిలా అనిపించలేదు. అప్పటికి చేతిలో హిట్ లేని, కంట్రీ గాయనిగా ముద్రపడ్డ ఒక వేల్స్ అమ్మాయి అడగాల్సిన కోరికా అది? స్టైన్‌మన్ కూడా ముందు ఒప్పుకోలేదు. తర్వాత మనసు మార్చుకుని న్యూయార్క్‌లోని తన ఇంటికి రమ్మన్నాడు. అక్కడ ఆమెకు రెండు పాటలు వినిపించాడు, ఒకటి క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే రాక్ బృందానిది, ఇంకొకటి బ్లూ ఆయిస్టర్ కల్ట్ బృందానిది. అది ఒక పరీక్ష. ఆ పాటలు ఆమెకు నచ్చకపోతే కథ అక్కడితో ముగిసేది. నచ్చాయి. రెండూ ఆల్బమ్‌లోకి వచ్చాయి.

మన సినిమాల్లో నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు. పాప్ రికార్డుల ప్రొడ్యూసర్ పని అది కాదు, పాట ఎలా వినిపించాలో తేల్చేవాడు ఆయన. స్టైన్‌మన్ ఆ గొంతు వినగానే పట్టుకున్నది ఒకటుంది. ఈ గొంతును కాపాడకూడదు, దాని చుట్టూ తుఫాను లేపాలి. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బృందం నుంచి డ్రమ్స్‌కు మాక్స్ వైన్‌బర్గ్‌ను, పియానోకు రాయ్ బిట్టన్‌ను తీసుకొచ్చాడు. గిటార్ రిక్ డెరింజర్. ‘టోటల్ ఎక్లిప్స్’లో ‘టర్న్ అరౌండ్’ అని పిలిచే మగ గొంతు రోరీ డాడ్‌ది.

ఆ పాట ఆల్బమ్‌లో దాదాపు 7 నిమిషాలు ఉంటుంది. రేడియో కోసం కత్తిరించింది నాలుగున్నర నిమిషాలు. మీరు బహుశా పొట్టిదే విని ఉంటారు. పొడుగుది వినండి. మొదట పియానో ఒక్కటే. రోరీ డాడ్ గొంతు పైన, నున్నగా, దూరం నుంచి. ఆమె జవాబు కింద, దగ్గరగా, దాదాపు మాట్లాడినట్టు. చరణం సాగుతున్న కొద్దీ పాట ఒక శ్రుతిలో కుదురుకోదు, పైపైకి జరుగుతూ పోతుంది, వినేవాడికి కాలి కింద నేల కదిలినట్టు ఉంటుంది. పల్లవి దగ్గర డ్రమ్స్ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మామూలు గొంతు ఆ శబ్దంలో కొట్టుకుపోతుంది. ఈ గొంతు కొట్టుకుపోదు, ఎందుకంటే దాని గరుకు పియానోకూ లేదు, గిటార్‌కూ లేదు, వెనక పాడేవాళ్లకూ లేదు. అంత రొదలోనూ చెవి దాన్నే వెతికి పట్టుకుంటుంది. ఆపరేషన్ గదిలో పోయిందనుకున్నది ఇక్కడ ఆమెకు ఆస్తి అయింది.

ఫలితం మీకు తెలిసిందే. 1983 మార్చిలో బ్రిటన్‌లో రెండు వారాలు, అక్టోబరులో అమెరికాలో నాలుగు వారాలు మొదటి స్థానం. వేల్స్ నుంచి వచ్చిన గాయకుల్లో అమెరికా ప్రధాన పాటల చార్టు హాట్ 100 శిఖరం ఎక్కిన మొదటి మనిషి ఆమే. వేల్స్‌కే చెందిన పెద్ద గాయకుడు టామ్ జోన్స్‌కు కూడా దక్కనిది అది. అదే సమయంలో రెండో స్థానంలో ఉన్న ఎయిర్ సప్లై బృందం పాట కూడా స్టైన్‌మన్ రాసిందే. ఆల్బమ్ ‘ఫాస్టర్ దాన్ ది స్పీడ్ ఆఫ్ నైట్’ బ్రిటన్ చార్టులోకి అడుగుపెట్టడమే మొదటి స్థానంలో పెట్టింది. అమెరికాలో 4వ స్థానం, గోల్డ్‌కంటే పై మెట్టయిన ప్లాటినం.

అయినా ఈ ఆల్బమ్‌ను కాస్త తరచి చూడాలి. తొమ్మిది పాటల్లో స్టైన్‌మన్ సొంతంగా రాసినవి రెండే, ‘టోటల్ ఎక్లిప్స్’, టైటిల్ పాట. మిగతావి చాలామటుకు ఇతరుల పాటలు. బ్రయాన్ ఆడమ్స్ ‘స్ట్రెయిట్ ఫ్రమ్ ది హార్ట్’ ఉంది, ఫ్రాంకీ మిల్లర్‌తో కలిసి పాడిన ‘టియర్స్’ ఉంది. తర్వాత వదిలిన సింగిల్స్ ఏవీ నిలబడలేదు. టైటిల్ పాట బ్రిటన్‌లో 43 దగ్గర ఆగిపోయింది, ‘టేక్ మీ బ్యాక్’ అమెరికాలో 46 దాటలేదు. అంటే ఆమె కెరీర్‌లో అతిపెద్ద ఆల్బమ్ కూడా ఒక్క పాట భుజాల మీద నిలబడింది. నా మటుకు నాకు ఇది మొదటి నుంచి చివరి దాకా వినదగిన ఆల్బమే, ముఖ్యంగా క్రీడెన్స్ పాటను వాళ్లు మార్చిన తీరు కోసం. అమ్మకాల లెక్కలో మాత్రం ఒంటి స్తంభం మేడ.

ఆ వెంటనే ‘ఫుట్‌లూస్’ సినిమాకు ‘హోల్డింగ్ అవుట్ ఫర్ ఎ హీరో’. ఇప్పుడు ఇది ప్రపంచమంతా తెలిసిన పాట, కానీ 1984లో దాని గతి చూడండి. అమెరికాలో 34, బ్రిటన్‌లో 96. మరుసటి ఏడు అదే పాటను మళ్లీ విడుదల చేస్తే బ్రిటన్‌లో 2వ స్థానానికి వెళ్లింది. అక్షరం మారలేదు, స్వరం మారలేదు. ఒక పాట చార్టులో ఎక్కడ ఆగిందో చూసి దాని నాణ్యత తేల్చేవాళ్లకు నేను చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

తర్వాతి ఆల్బమ్ ‘సీక్రెట్ డ్రీమ్స్ అండ్ ఫర్‌బిడెన్ ఫైర్’ 1986లో గానీ రాలేదు. అంత పెద్ద హిట్ తర్వాత మూడేళ్ల విరామం పాప్‌లో చాలా ఖరీదైనది. ‘హీరో’ను కూడా అందులోనే పెట్టారు, అప్పటికి అది రెండేళ్ల పాత పాట. బ్రిటన్‌లో 24, అమెరికాలో 106. ప్లాటినం నుంచి మొదటి వంద బయటికి, ఒక్క ఆల్బమ్ తేడాతో. ఆల్బమ్‌లో బలం లేదా అంటే, ఉంది. టాడ్ రండ్‌గ్రెన్‌తో పాడిన పొడుగు యుగళగీతం ఉంది. ‘ఇఫ్ యు వర్ ఎ వుమన్’ ఉంది. ఈ పాట రాసిన డెస్మండ్ చైల్డ్ అది అమెరికాలో 77 దగ్గరే ఆగిపోయిందని ఎంత మండిపడ్డాడంటే, దాని పల్లవిలోని నడకనే తీసుకుని బాన్ జోవితో కలిసి ‘యు గివ్ లవ్ ఎ బ్యాడ్ నేమ్’ కట్టాడు. అదే 1986 నవంబరులో అది అమెరికాలో మొదటి స్థానం. రెండు పల్లవులూ ఒకదాని వెంట ఒకటి పెట్టి వినండి, ఎవరూ వివరించనక్కర్లేదు.

1988లో వచ్చిన ‘హైడ్ యువర్ హార్ట్’ దగ్గర నాకు నిజంగా బాధ కలుగుతుంది. డెస్మండ్ చైల్డే ప్రొడ్యూసర్. బ్రిటన్‌లో 78వ స్థానం. ఇక దాని లోపల ఏముందో చూడండి. టైటిల్ పాటను మరుసటి ఏడు కిస్ బృందం పాడింది. ‘సేవ్ అప్ ఆల్ యువర్ టియర్స్’ను 1991లో షేర్ అనే గాయని పాడింది. ‘డోంట్ టర్న్ అరౌండ్’ను అదే 1988లో ఆస్వాద్ బృందం బ్రిటన్‌లో మొదటి స్థానానికి తీసుకెళ్లింది, తర్వాత ఏస్ ఆఫ్ బేస్ ప్రపంచమంతా తిప్పింది. ఇవి చాలవన్నట్టు, హాలీ నైట్, మైక్ చాప్‌మన్ రాసిన ‘ది బెస్ట్’ అందులోనే ఉంది. అవును, టీనా టర్నర్ పాట అని మనందరం అనుకునేదే. మొదట పాడింది బోనీ టైలర్. బ్రిటన్‌లో దాని స్థానం 95.

టీనా 1989లో దాన్ని తీసుకున్నప్పుడు ఉన్నది ఉన్నట్టు పాడలేదు. పాట మధ్యలో కొత్తగా ఒక భాగం రాయమని, శ్రుతి పెంచమని హాలీ నైట్‌ను అడిగింది. ఎడ్గార్ విన్టర్ శాక్సోఫోన్ వచ్చి చేరింది. ఈ రెండు రూపాలూ పోల్చితే తేడా తెలుస్తుంది. బోనీ పాడినది మొదటి నుంచీ ఒకే ఎత్తులో ఉంటుంది, మంచి పాటే, కానీ ఎక్కడానికి మెట్టు లేదు. టీనా పాటలో ఆ మధ్య భాగం వినేవాణ్ణి ఒక క్షణం ఆపి, శ్రుతి పెంచి, మళ్లీ పల్లవిలోకి తోస్తుంది. గొంతుల్లో ఎవరిది గొప్ప అనే చర్చ ఇక్కడ అనవసరం, రెండూ నాకు ప్రాణం. పాటను ఇంకా పని చేయించాలి అని పట్టుబట్టేవాళ్లు ఒక చోట ఉన్నారు, ఇంకో చోట లేరు. బోనీకి పాటలు ఎంచుకునే చెవి ఉంది అనడానికి ఈ ఒక్క ఆల్బమే సాక్ష్యం. అందులోని ఈ పాటలను లోకం కొనుక్కుంది, ఇతరుల గొంతుల్లో.

మామూలుగా పత్రికల వాళ్లు ఇక్కడితో ఆమె కథ ముగించి, నేరుగా యూరోవిజన్‌కు (యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీ) దూకుతారు. అది అన్యాయం. 1990ల మొదట్లో ఆమె జర్మనీకి చెందిన హన్సా అనే రికార్డు కంపెనీకి మారింది. మోడర్న్ టాకింగ్ అనే పాప్ జంటలో ఒకడైన డీటర్ బోలెన్ ఆమెకు పాటలు కట్టాడు. 1991లో వచ్చిన ‘బిట్టర్‌బ్లూ’ నార్వే, ఆస్ట్రియాల్లో మొదటి స్థానం. 1992లో ‘ఏంజెల్ హార్ట్’, 1993లో ‘సిల్హౌట్ ఇన్ రెడ్’, ఏడాదికొకటి. లండన్‌లో ఆమెను మరిచిపోయిన రోజుల్లోనే ఓస్లోలోనూ వియన్నాలోనూ కొట్లలో ఆమె రికార్డులు ముందు వరసలో ఉన్నాయి. సంగీతపరంగా ఇవి నాకు అంత ఇష్టమైనవి కావు. సింథసైజర్లు, మెషిన్ డ్రమ్స్, ఒక పాటకూ ఇంకో పాటకూ తేడా తక్కువ. అంత మెత్తటి పరుపు మీద ఆ గొంతు దొర్లిపోతుంది. అయినా ఆ జనానికి అవి నచ్చాయి, ఆమెకు పని దొరికింది, అభిమానులు దొరికారు. దాన్ని పతనం అని ఎలా అంటాం?

1995లో ‘ఫ్రీ స్పిరిట్’ వచ్చింది. స్టైన్‌మన్‌తో మళ్లీ కలిసి, 1983లో ఎయిర్ సప్లై పాడిన ‘మేకింగ్ లవ్ అవుట్ ఆఫ్ నథింగ్ ఎట్ ఆల్’ తన గొంతులో పాడింది. అది మాత్రం తప్పక వినండి. అదే ఏడు నికీ ఫ్రెంచ్ అనే గాయని ‘టోటల్ ఎక్లిప్స్’కు డాన్స్ రూపం ఇచ్చి అమెరికాలో 2వ స్థానానికి తీసుకెళ్లింది. 1998 ఆల్బమ్‌నూ 2003లో వచ్చిన, ఇతరుల పాటలు మళ్లీ పాడిన ఆల్బమ్‌నూ తీరిక ఉంటే వినండి, లేకపోతే నష్టం లేదు.

ఫ్రాన్స్ కథ మాత్రం చెప్పకుండా ఉండలేను. కరీన్ ఆంటోన్ అనే ఫ్రెంచ్ గాయనితో కలిసి ‘టోటల్ ఎక్లిప్స్’ను సగం ఫ్రెంచ్‌లో, ‘సి దమాఁ’ అనే పేరుతో పాడింది. 2004 మొదట్లో అది ఫ్రాన్స్‌లో పది వారాలు మొదటి స్థానంలో ఉంది. బ్రిటన్‌లో రెండు వారాలు, అమెరికాలో నాలుగు వారాలు నిలిచిన పాట, ఇరవై ఏళ్ల తర్వాత మూడో దేశంలో పది వారాలు. ఆ ఊపు మీద వచ్చిన ఆల్బమ్‌లకు ఆ బలం రాలేదు. మళ్లీ 1978 నాటి కథే, పాటను కొన్నారు, ఆల్బమ్‌ను కొనలేదు.

2013లో మాల్మోలో జరిగిన యూరోవిజన్‌లో బ్రిటన్ తరఫున పాడి 23 పాయింట్లతో 19వ స్థానంలో నిలిచింది. అప్పటికి ఆమెకు 61 ఏళ్లు. పాట రాసినవాళ్లలో డెస్మండ్ చైల్డ్ ఒకడు. ఆ పాట ఉన్న ‘రాక్స్ అండ్ హనీ’ అంతకుముందు ఎనిమిదేళ్లలో ఆమె చేసిన మొదటి స్టూడియో ఆల్బమ్. 2019లో ‘బిట్వీన్ ది ఎర్త్ అండ్ ది స్టార్స్’ వచ్చింది, 1970లలో ఆమె మొదటి రికార్డులు చేసిన డేవిడ్ మెకే ప్రొడ్యూసర్‌గా. అందులో బ్రిటిష్ రాక్ గాయకుడు రాడ్ స్టూవర్ట్‌తో ఒక పాట ఉంది. ‘ఆడ రాడ్ స్టూవర్ట్’ అని నలభై ఏళ్లుగా ఆమెను పిలుస్తున్నారు. రెండు జీర గొంతులూ పక్కపక్కన వినిపించినప్పుడు ఆ పోలిక ఎంత పైపైదో తెలుస్తుంది. ఆయన జీర పొడిగా, ఇసుకలా రాలుతుంది. ఆమెది బరువైనది, లోపలి నుంచి చీల్చుకుని వస్తుంది. 2021లో ‘ది బెస్ట్ ఈజ్ యెట్ టు కమ్’తో స్టూడియో ఆల్బమ్‌లు 18 అయ్యాయి. 2022లో బ్రిటన్ ప్రభుత్వ పురస్కారం ఎంబీఈ దక్కింది.

ఇక మీ రెండో ప్రశ్న. 18 ఆల్బమ్‌లూ కాలక్రమంలో వినొద్దు, ‘డైమండ్ కట్’ దాటకముందే ఆసక్తి పోతుంది. మొదట ‘లాస్ట్ ఇన్ ఫ్రాన్స్’, ‘ఇట్స్ ఎ హార్టేక్’ రెండూ వెంటవెంటనే వినండి, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా గొంతు ఏమైందో మీకే అర్థమవుతుంది. తర్వాత 1983 ఆల్బమ్ మొత్తం, ఒకే బిగిన, కాస్త గట్టి సౌండ్‌తో. ఆ వెనక 1986ది. ఆ తర్వాత ‘హైడ్ యువర్ హార్ట్’, పక్కన టీనా, షేర్, ఆస్వాద్ పాడినవి పెట్టుకుని. ఇవన్నీ నచ్చితే ‘ఫ్రీ స్పిరిట్’, 2019 ఆల్బమ్. ‘బిట్టర్‌బ్లూ’ చివర, 90ల జర్మన్ పాప్ మీద మక్కువ ఉంటే ముందుకు జరుపుకోండి.

ఒక జాగ్రత్త. తన పెద్ద హిట్లను ఆమె తర్వాతి ఏళ్లలో మళ్లీ రికార్డు చేసింది. 2005 నాటి ‘వింగ్స్’లో ‘టోటల్ ఎక్లిప్స్’, ‘హార్టేక్’ రెండూ కొత్త రూపంలో ఉన్నాయి. స్ట్రీమింగ్ యాప్‌లలో, చవక సంకలనాల్లో ఏది అసలుదో ఏది తర్వాతిదో తెలియకుండా కలిసిపోయి ఉంటాయి. పేరు చూసి నొక్కేయకుండా ఆల్బమ్ పేరు ‘ఫాస్టర్ దాన్ ది స్పీడ్ ఆఫ్ నైట్’ అని ఉందా, నిడివి 7 నిమిషాలకు దగ్గరగా ఉందా చూసుకోండి. ‘హార్టేక్’కు అయితే 1978 ‘నేచురల్ ఫోర్స్’ వెతకండి, అమెరికా ముద్రణ దొరికితే దాని మీద పాట పేరే ఆల్బమ్ పేరుగా ఉంటుంది.